హవల్లీలో గ్రెండైజర్

ఎనభైల తొలి సంవత్సరాల్లో కువైట్‌లో పెరిగిన పిల్లలకు, వారు కువైటీలైనా, పాలస్తీనా వారైనా, ఈజిప్టు వారైనా, మాబోటి తెలుగు పిల్లలైనా, అందరికీ ఉమ్మడిగా ఉన్న కథానాయకుడు ఒక్కడే. అతని పేరు డ్యూక్ ఫ్లీడ్, అతను నడిపే మహాకాయ రోబో పేరు గ్రెండైజర్. గల్ఫ్ జీవితం గురించి రాసేటప్పుడు మనవాళ్ళు ఎండను, ఇసుకను, ఊరి నుంచి వచ్చే ఉత్తరాలను, కేసెట్లలో నింపి పంపుకున్న మాటలను తలచుకుంటారు. అవన్నీ నిజమే. అయితే అవి పెద్దవాళ్ళ జ్ఞాపకాలు. అక్కడ బాల్యం గడిపిన మా జ్ఞాపకాల్లో వీటన్నిటికంటే ముందు వరుసలో నిలిచేది జపానులో పుట్టి, బీరూట్‌లో అరబ్బీ గొంతు తెచ్చుకుని, టీవీ కార్టూనుగా మా ఇళ్ళలోకి వచ్చిన ఈ రోబో కథ. దీని గురించి తెలుగులో ఎవరూ రాయగా నేను చూడలేదు గనుక నాకు గుర్తున్నదీ, తరువాత తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను.

మాది రాజంపేట. కడప జిల్లా నుంచి కువైట్ వెళ్ళినవారిలో ఎక్కువమంది భార్యాపిల్లలను ఊళ్ళోనే ఉంచి ఒంటరిగా వెళ్ళేవారు. మా నాయనకు ఒక నిర్మాణ సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగం దొరకడం వల్ల మమ్మల్ని వెంట తీసుకువెళ్ళగలిగారు. మేమున్నది కువైట్ నగరం పక్కనున్న హవల్లీలో. ఆ రోజుల్లో కువైట్‌లో దాదాపు 4 లక్షలమంది పాలస్తీనీయులు ఉండేవారు, వారిలో చాలామంది హవల్లీలోనే కాపురముండేవారు. మా ఎదురు వాటాలో ఉన్నదీ అలాంటి కుటుంబమే. ఆ ఇంటాయన బడిలో ఉపాధ్యాయుడు. ఆ ఇంటి ఇల్లాలిని మా అమ్మ తెలుగులోనే ‘అక్కా’ అని పిలిచేది, ఆవిడ ఆ పిలుపుకు పలికేది. ఇద్దరికీ మరో ఉమ్మడి భాష లేకపోయినా ఖుబ్జ్ రొట్టెలూ, మా ఇంటి పప్పూ గుమ్మం దాటి అటూ ఇటూ వెళ్ళి వస్తూనే ఉండేవి.

సాయంత్రం కార్టూన్ల వేళకు మేము వాళ్ళింట్లోనే ఉండేవాళ్ళం. మా ఇంట్లోనూ టీవీ ఉంది గాని గ్రెండైజర్‌ను ఒంటరిగా చూడడం మాకు చూసినట్టే అనిపించేది కాదు. మొదట్లో నాకు మాటలు అర్థమయ్యేవి కావు. కొమ్ముల రోబో, దాన్ని మోసుకుపోయే ఎర్రని పళ్ళెం వంటి అంతరిక్ష నౌక, భుజాల మీది రెండు కత్తులను విడదీసి ఒకే ఆయుధంగా బిగించి విసరడం, ఆనకట్ట నీటిని చీల్చుకుంటూ బయటికి దూసుకురావడం, ఇవి చాలు నాకు. శత్రు సేనాని గాండాల్ ముఖం తలుపులా రెండుగా తెరుచుకుని లోపలినుంచి ఒక చిన్న స్త్రీ ఆకారం మాట్లాడే దృశ్యం మాత్రం రాత్రిళ్ళు నిద్ర పట్టనిచ్చేది కాదు. ఎదురింటి అమ్మాయి, నాకంటే కొంచెం పెద్దది, పక్కన కూర్చుని వేళ్ళతో, ముఖంతో, వచ్చీరాని ఇంగ్లీషుతో నాకు కథ చెప్పేది. ఏడాది తిరిగేసరికి ఆమె చెప్పవలసిన అవసరం లేకపోయింది.

అలా నాకు వచ్చిన అరబ్బీ వీధిలో వినిపించే అరబ్బీ కాదు. గ్రెండైజర్ మాట్లాడినది ఫుస్‌హా, అంటే బడుల్లో, వార్తల్లో, గ్రంథాల్లో ఉండే ప్రామాణిక భాష. మొరాకో పిల్లవాడు మాట్లాడేది ఇరాక్ పిల్లవాడికి సరిగా తెలియదు గనుక, అన్ని దేశాలకూ ఒకే డబ్బింగు వెళ్ళాలంటే ఆ భాష తప్ప వేరే దారి లేదు. నేను ఆ భాషలోనే బకాలాకు వెళ్ళి సరుకులు అడిగేవాణ్ణి. మన కిరాణా కొట్టులో ఎవరో పద్యనాటకంలోని భాషలో పావుశేరు కందిపప్పు అడిగినట్టుండేదేమో. ఆ కొట్టులోని ముసలాయన నవ్వేవాడు కాదు, నా వాక్యం పూర్తయ్యేదాకా ఆగి, అదే భాషలో గౌరవంగా జవాబిచ్చేవాడు. నాకు ఈనాటికీ అరబ్బీ పత్రిక చదివితే అర్థమవుతుందంటే ఆ పునాది బడిలో పడలేదు, ఆ సాయంత్రాల్లో పడింది.

ఇక కథ. చూడనివారికి అది రోబోలు కొట్టుకునే కథ. నిజానికి అది ఇల్లు పోగొట్టుకున్నవాడి కథ. ఫ్లీడ్ అనే అందమైన గ్రహం మీద వేగా రాజు దండెత్తి వేగాట్రాన్ అనే విషకిరణాలతో దాన్ని పాడుచేస్తాడు. ఆ గ్రహపు యువరాజు డ్యూక్ ఫ్లీడ్, శత్రువుల చేతికి చిక్కబోతున్న గ్రెండైజర్‌ను తీసుకుని పారిపోయి భూమికి చేరుకుంటాడు. జపానులో ఒక పరిశోధనశాలను నడిపే డాక్టర్ ఊమోన్ అతన్ని ఆదరించి, దైసుకే అని పేరు పెట్టి, కొడుకుగా పెంచుకుంటాడు. యువరాజు ఇప్పుడు మరొకరి పశువుల క్షేత్రంలో గుర్రాలకు గడ్డి వేస్తూ, ఆవుల్ని చూసుకుంటూ, ఖాళీ వేళల్లో గిటారు వాయిస్తూ కాలం గడుపుతాడు. తాను ఎవరో తండ్రికి తప్ప ఎవరికీ తెలియకూడదు. యుద్ధం అతనికి ఇష్టం లేదు, వేగా సైన్యం చంద్రుడి వెనుక స్థావరం వేసుకుని భూమి మీదికి వచ్చినప్పుడు గత్యంతరం లేక గ్రెండైజర్‌ను బయటికి తీస్తాడు. పైగా అతని చేతికి వేగాట్రాన్ గాయం ఉంది. వేగా దళాలు దగ్గరకు వచ్చినప్పుడల్లా అది రగులుతుంది, ఒక దశలో అతని ప్రాణాన్నే తీసేలా ముదురుతుంది.

శత్రువులు కూడా ఒక్క తీరుగా ఉండరు. వేగా పంపే సేనానుల్లో కొందరు అతను చిన్ననాడు ఎరిగినవారే, జయించిన గ్రహాల నుంచి పట్టుకొచ్చి యుద్ధంలోకి తోసినవారే. నైదా అనే అమ్మాయి కథ వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. ఫ్లీడ్‌లో అతన్ని ప్రేమించిన అమ్మాయి ఆమె. శత్రువులు ఆమె మనసును వశం చేసుకుని పంపగా వచ్చి, ప్రజలను వదిలి పారిపోయావని, తన తమ్ముడి చావుకు కారణం నువ్వేనని అతన్ని నిందిస్తుంది. చివరకు నిజం తెలుసుకుని అతన్ని కాపాడడానికి ప్రాణమిస్తుంది. పిల్లల కార్యక్రమంలో ‘నువ్వెందుకు బతికి బయటపడ్డావు’ అనే ప్రశ్నను అంత సూటిగా అడగడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. కార్టూన్లవైపు కన్నెత్తి చూడని ఆ ఉపాధ్యాయుడు ఆ రోజు చేతిలోని పరీక్ష కాగితాలను పక్కన పెట్టి చివరిదాకా మాతో కూర్చున్నారు.

ఇంకొక మలుపు కూడా చెప్పాలి. వేగాట్రాన్‌ను విచ్చలవిడిగా వాడుకోవడం వల్ల చివరికి వేగా గ్రహమే నాశనమవుతుంది. ఇతరుల ఇళ్ళు కూల్చిన రాజుకూ ఇల్లు లేకుండా పోతుంది. ఆ తరువాత అతను భూమి కోసం చేసే యుద్ధంలో క్రూరత్వంతో పాటు నిరాశ కూడా ఉంటుంది. పిల్లలకు ఇది అర్థం కాదని పెద్దలు అనుకుంటారు గాని మాకు అర్థమైంది. వీధిలో ఆడుకునేటప్పుడు వేగా రాజు వేషం వేయడానికి అంతవరకూ ఒప్పుకోనివాళ్ళు కూడా ఆ తరువాత ఒప్పుకున్నారు.

ఈ కథ పుట్టినచోట దీనికి ఇంత స్థానం లేదని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. జపాను చిత్రకథాకారుడు గో నగాయ్ సృష్టించిన మజింగర్ జెడ్ 1972లో జపాను టీవీలో మొదలై, మనిషి లోపల కూర్చుని నడిపే భారీ రోబో అనే ఊహకు అక్కడ తిరుగులేని ఆదరణ తెచ్చింది. దాని తరువాత గ్రేట్ మజింగర్, ఆ తరువాత మూడోదిగా గ్రెండైజర్ వచ్చాయి. తోయీ యానిమేషన్ సంస్థ తీసిన ఈ 74 భాగాలను ఫుజీ టీవీ 1975 అక్టోబరు 5 నుంచి 1977 ఫిబ్రవరి 27 దాకా ప్రసారం చేసింది. రోబో బొమ్మల అమ్మకాలు ఇలాంటి ధారావాహికలకు ఆయువుపట్టు. కథలో కొత్త నౌకలు, కొత్త ఆయుధాలు వచ్చి చేరడం వెనుక ఆ వ్యాపారం కూడా ఉంది. జపాను ప్రేక్షకులు దీన్ని బాగానే చూశారు, కాని ఆ దేశంలో ఈ వంశానికి పెద్దకొడుకు మజింగరే. మొదటి కథలోని నాయకుడు కోజీ కబూతో ఇందులో డ్యూక్‌కు తోడుగా వస్తాడు. జపాను పిల్లలకు అతను పాత పరిచయం, మాకు మాత్రం కొత్తగా వచ్చిన స్నేహితుడు. ఆ ముందుకథ తెలియకపోవడమే మా దృష్టిని డ్యూక్ మీద నిలిపిందని నా అభిప్రాయం.

బీరూట్ సంగతికి వస్తాను. అరబ్బీ డబ్బింగు లెబనాన్‌లో జరిగింది, అదీ 1975లో మొదలై 1990 దాకా సాగిన అంతర్యుద్ధం నడుమ. డ్యూక్ ఫ్లీడ్‌కు గొంతునిచ్చినవారు జిహాద్ అల్ అత్రష్ అనే నటుడు. తొలి పాటను పాడినవారు సామీ క్లార్క్. బయట నగరం రెండుగా చీలి, వీధుల్లో కాల్పులు జరుగుతున్న కాలంలో, స్టూడియోలో నిలబడి, కోల్పోయిన గ్రహం గురించి, రక్షించవలసిన భూమి గురించి మాటలు చెప్పినవారు వీరు. జపాను మూలాన్ని తరువాత ఎప్పుడో నేను చూశాను. అందులో డ్యూక్ గొంతు మృదువుగా, కొంత విషాదంగా ఉంటుంది. అల్ అత్రష్ గొంతులో ఆ విషాదంతోపాటు రంగస్థలం మీద నిలబడి పలికిన మాటలోని గాంభీర్యం ఉంది. ప్రతి హల్లూ విడిగా వినిపిస్తుంది. ఆయన ‘గ్రెండైజర్, ఇన్‌తలిక్’ (బయలుదేరు) అని ఆజ్ఞాపించినప్పుడు మా గదిలోని పిల్లలందరూ ఒక్కసారిగా లేచి నిలబడేవారు. అరబ్బు ప్రపంచంలో ఈ రోబో బతికి ఉన్నదంటే ఆ ఘనతలో సగం ఆ స్టూడియోలో పనిచేసినవారిదేనని నేను గట్టిగా నమ్ముతాను. సామీ క్లార్క్ 2022 ఫిబ్రవరిలో కన్నుమూసినప్పుడు, ఆయన పాడిన అన్ని పాటల్లోనూ నా తరంవాళ్ళు మొదట తలచుకున్నది ఈ పిల్లల పాటనే.

వేరేచోట్ల ఇది సాహసకథ అయి ఉండవచ్చు. హవల్లీలో మాత్రం దాదాపు వార్త. ఎదురింటి అమ్మాయి ప్రతి వారం అడిగే ప్రశ్న ఎవరు గెలుస్తారన్నది కాదు, అతను ఫ్లీడ్‌కు తిరిగి వెళ్తాడా అన్నది. వాళ్ళ తాతగారిది ఇప్పుడు ఇజ్రాయెల్‌లో ఉన్న హైఫా. ఆమె హైఫాను ఎన్నడూ చూడలేదు, అయినా ఎవరడిగినా తమది హైఫా అనే చెప్పేది. నేనూ ఎవరడిగినా మాది రాజంపేట అనే చెప్పేవాణ్ణి. అయితే మా నాయనకు రెండేళ్ళకోసారి సెలవూ, విమానం టిక్కెట్లూ వచ్చేవి. బొంబాయిలో దిగి, మద్రాసు వెళ్ళే మెయిలెక్కితే తెల్లవారేసరికి ఊరు మా కళ్ళముందు ఉండేది. చివరి భాగంలో ఫ్లీడ్ మీద మళ్ళీ పచ్చదనం మొలుస్తోందని తెలిసి, డ్యూక్, అతని చెల్లెలు మరియా తమ గ్రహానికి బయలుదేరుతారు. ఆ రోజు గదిలో అందరం చప్పట్లు కొట్టాం. ఆమె చప్పట్లకూ నా చప్పట్లకూ కారణాలు వేరని ఆ వయసులోనే నాకు లీలగా తెలుసు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో ప్రవేశించినప్పుడు అమ్మా, నేనూ వేసవి సెలవులకు రాజంపేటలో ఉన్నాం. నాయన అక్కడే చిక్కుకుపోయారు. ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరుకుని, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయికి వచ్చారు. ఆ రెండు నెలల్లో అలా తరలించిన భారతీయులు 1,70,000 మందికి పైగా ఉన్నారు. చేతిసంచి ఒక్కటి తప్ప మరేమీ లేకుండా ఆయన రాజంపేట స్టేషన్‌లో దిగారు, మాకు అంతకంటే కావలసిందేమీ లేదు. యుద్ధం ముగిశాక కువైట్ పాలస్తీనీయుల్లో అత్యధికులు ఆ దేశం విడిచిపెట్టవలసి వచ్చింది, ఎక్కువమంది జోర్డాన్ వెళ్ళారు. ఎదురింటివారి గురించి ఆ తరువాత మాకు ఏమీ తెలియలేదు. నాయన ఎన్నో ఉత్తరాలు రాశారు. జవాబు రాలేదు. రాజంపేటలో నా ఈడు పిల్లలకు గ్రెండైజర్ పేరే తెలియదు. దూరదర్శన్‌లో వచ్చిన మరో జపాను రోబో కథ గురించి వాళ్ళు ఉత్సాహంగా చెప్పేవారు, నేను వినేవాణ్ణి. నా రోబో గురించి మాట్లాడుకోవడానికి మనిషి దొరకలేదు.

చాలా ఏళ్ళకు, ఉద్యోగం మీద ఫ్రాన్సులోని టూలూజ్ వెళ్ళినప్పుడు దొరికాడు. విమానాల పరిశ్రమ వల్ల ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు బాగానే కనిపిస్తారు గాని ఇతను అక్కడివాడే, నా ఈడువాడే. అతని బల్లమీద ఉన్న చిన్న బొమ్మకు ఆ కొమ్ములు, ఆ భుజాలు చూసి నేను గ్రెండైజర్ అన్నాను. అతను గోల్డోరాక్ అన్నాడు. ఆ మధ్యాహ్నం మేము పని చేసింది తక్కువ. ఫ్రాన్సులో ఆంతెన్ 2 ఛానల్ 1978 జులై 3న దీన్ని మొదలుపెట్టిందని, కొన్ని నెలల్లోనే దేశమంతా ఊగిపోయిందని, మరుసటి ఏడాది మొదట్లో పారిస్ మ్యాచ్ వారపత్రిక ముఖచిత్రంగా ఈ పిచ్చినే వేసిందని అతను చెప్పాడు. అక్కడ డ్యూక్ పేరు ఆక్టారస్, కోజీ పేరు ఆల్కోర్. పాత్రలకు నక్షత్రాలను తలపించే పేర్లు పెట్టారు. 1978 ఏప్రిల్‌లోనే ఇటలీలోనూ మొదలైంది, అక్కడ గోల్డ్రేక్. రెండుచోట్లా పిల్లలు వెర్రిగా ప్రేమించారు, పెద్దలు భయపడ్డారు. ఇటలీ పార్లమెంటు సభ్యుడు సిల్వెరియో కోర్విసియెరి 1979 జనవరిలో లా రెపుబ్లికా పత్రికలో దీనిమీద ఘాటైన వ్యాసం రాశారు. ఫ్రాన్సులో 1989లో సెగొలెన్ రోయాల్ పిల్లల టీవీ మీద రాసిన పుస్తకంలో జపాను కార్టూన్లను తీవ్రంగా విమర్శించారు.

ఆ విమర్శలు అర్థం లేనివని నేను అనను. పోరాటాలు ఉన్న మాట నిజం. అయితే విమర్శించినవారు పోరాటాన్నే చూశారు గాని పోరాటానికి ముందూ వెనుకా ఉన్న పది నిమిషాలను చూడలేదనిపిస్తుంది. టూలూజ్ మిత్రుడికి బాగా గుర్తున్న దృశ్యం కూడా యుద్ధం కాదు. సాయంసంధ్యలో క్షేత్రపు కంచె మీద కూర్చుని గిటారు వాయిస్తూ ఆకాశాన్ని చూసే ఆక్టారస్. వాళ్ళ అమ్మానాన్నలు అల్జీరియా స్వతంత్రమైనప్పుడు అక్కడి ఇంటిని వదిలి ఫ్రాన్సు చేరినవారట. ఆ సంగతి అతను ప్రత్యేకించి చెప్పలేదు, వేరే మాటల మధ్య వచ్చింది. అమెరికాలో మాత్రం 1980లో ఫోర్స్ ఫైవ్ అనే పేరుతో ఐదు జపాను ధారావాహికలను కలిపి కట్టగట్టి వేస్తే అందులో ఒకటిగా ఇది వచ్చింది, అక్కడ దానికి ఇంతటి వేరు పట్టలేదు. రోజుకొక కథ చొప్పున తిప్పి చూపిస్తే ఒక ప్రవాసి బాధతో సహవాసం ఎలా కుదురుతుంది?

ఆనాటి పిల్లలు ఇప్పుడు నిర్ణయాలు తీసుకునే వయసుకు వచ్చారు, దాని ఫలితాలు కనిపిస్తున్నాయి. ఫ్రాన్సు ప్రభుత్వం 2019లో గో నగాయ్‌ను కళా, సాహిత్య పురస్కారంతో గౌరవించింది. 2021లో క్జావియే దోరిసోన్, దెని బాజ్రామ్ మరికొందరు ఫ్రెంచి చిత్రకథాకారులు అనుమతితో గోల్డోరాక్ కథకు కొనసాగింపుగా ఒక పెద్ద చిత్రకథను వెలువరించారు. బీరూట్‌లో అష్కమాన్ అనే పేరుతో పనిచేసే కవల సోదరులు నగరపు గోడమీద గ్రెండైజర్‌ను చిత్రించారు; ఏ నగరం ఆ రోబోకు గొంతునిచ్చిందో ఆ నగరపు గోడమీద అది నిలబడడం నాకు ఎంతో న్యాయంగా తోచింది. రియాద్‌లో 2022లో 30 మీటర్లకు మించిన లోహ విగ్రహాన్ని నిలబెట్టారు. కథలో గ్రెండైజర్ ఎత్తు 30 మీటర్లే గనుక, ఒకప్పుడు మేము టీవీ ముందు మెడలు పైకెత్తి ఊహించుకున్న ఎత్తు అక్కడ నేలమీద ఉందన్నమాట. ఆ విగ్రహాన్ని నేను ఫొటోల్లోనే చూశాను. వెళ్ళాలని ఉంది.

2024 జులైలో గ్రెండైజర్ యు పేరుతో కొత్త ధారావాహిక వచ్చింది. సౌదీ అరేబియాకు చెందిన మాంగా ప్రొడక్షన్స్ ఇందులో పాలుపంచుకుంది. మిత్సువో ఫుకుదా పర్యవేక్షణలో గైనా స్టూడియో 13 భాగాలుగా తీసింది. కొడుకుతో కలిసి మొత్తం చూశాను. బొమ్మలు అందంగా ఉన్నాయి, రోబో కదలికలో పాతదానికి లేని బరువుంది, ఒక జపాను కథను మళ్ళీ చెప్పడానికి అరబ్బు దేశం ముందుకు రావడం నాకు గర్వంగానే ఉంది. కాని 13 భాగాల్లో తీరిక లేదు. పాత 74 భాగాల్లో డ్యూక్ ఆవులకు నీళ్ళు పెడతాడు, కంచె బాగుచేస్తాడు, క్షేత్రం యజమాని దాన్‌బే చేత తిట్లు తింటాడు, ఆయన కూతురు హికారు నవ్వితే నవ్వుతాడు, అలా వారాల తరబడి పరాయి నేల కొద్దికొద్దిగా అతనిది అవుతుంది. కొత్తదానిలో యుద్ధం ముందే వచ్చేస్తుంది. మావాడికి ఆ 13 భాగాలు నచ్చాయి. అయితే డ్యూక్ భూమికోసం ప్రాణం పెట్టడానికి ఎందుకు సిద్ధపడ్డాడని అడిగాడు. పాత డబ్బింగును మొదటి భాగం నుంచి పెట్టాను. వాడికి అరబ్బీ రాదు, పక్కన కూర్చుని తెలుగులో చెబుతున్నాను. ఇప్పటికి నైదా కథ దాకా వచ్చాం.